రహదారి సర్వేయరు గారి కారు

ఇంటి ముందు మురుగుకాలవ మీద సిమెంటు పలక విరిగితే ఎన్ని తిప్పలో, పలక విరగని వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పాలవాడు గేటు దాకా రాడు, రోడ్డు మీదే నిలబడి ప్యాకెట్టు విసురుతాడు. పేపరు వారంలో నాలుగు రోజులు కాలవలో పడుతుంది. మిగతా మూడు రోజులు, కాలవలో పడినా బాగుండేదనిపించే వార్తలతో వరండాలో పడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలు అవతలి గట్టునే ఆగి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, "గెంతమంటారా?" అని అడుగుతారు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఇంట్లో కారు ఉండి, ఆ కారు గేటు దాటలేకపోతే మాత్రం ఓర్చుకోవడం కష్టం.

ముక్కామల విశ్వపతివి ఈ చివరి రకం తిప్పలు.

విశ్వపతి కోటరేవు పట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. ఏ శాఖో చెప్పడం మర్యాద కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన బల్ల మీదికి వచ్చిన ఏ ఫైలూ మొదటిసారి కొర్రీ లేకుండా కదల్లేదు. నలభై పేజీల ఫైల్లో పదిహేడో పేజీకి నంబరు వేయలేదని వెనక్కి పంపిన ఘనత ఆయనది. వేసి పంపితే, ఆ నంబరు వేసింది వేరే సిరాతో అని మళ్ళీ పంపాడు. ఆఫీసులో ఆయనంటే భయం. ఆ భయాన్ని ఆయన గౌరవం అనుకునేవాడు. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం.

ఆయన ఉండేది ఆఫీసర్స్ కాలనీలో. అరవై మూడు ఇళ్ళున్న ఆ కాలనీలో ఆఫీసర్లు ఎవరూ లేరు, అందరూ సూపరింటెండెంట్లూ, రిటైరైన లెక్చరర్లూ, ఒక డాక్టరూ. సంక్షేమ సంఘానికి విశ్వపతే కార్యదర్శి. యాభై ఆరో ఏట, డ్రైవింగ్ స్కూల్లో ముప్పై రోజులు నేర్చుకుని, ఆయన కారు కొన్నాడు. కొన్న నాలుగో రోజున మంచినీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ పలక మీదికి ఎక్కింది. పలక రెండు ముక్కలై కాలవలోకి దిగింది. కారు లోపలే ఉండిపోయింది.

అది జరిగి మూడు నెలలు. కారుని రోజూ కడుగుతున్నారు. సాయంత్రం ఆరింటికి మొగుడూ పెళ్ళాం అందులో కూర్చుంటారు. ఆయన స్టీరింగు దగ్గర, ఆయన భార్య మాణిక్యాంబ వెనక సీట్లో. ముందు సీట్లో కూర్చోవచ్చు గానీ, వాళ్ళక్క సుభద్ర ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది.

"ఈ వేళ ఎక్కడికెళ్దాం?" అంటాడు విశ్వపతి, ఏసీ వేసి.

"అన్నవరం," అంటుందావిడ.

పది నిమిషాల తరువాత ఒకసారి హారను కొట్టి, దిగి భోజనానికి వెళ్తారు.

"రెండు చెక్కలు వేసుకుని దాటించెయ్యొచ్చు కదండీ," అన్నాడు పక్కింటి జోగారావు, రిటైరైన లెక్కల లెక్చరరు.

"మునిసిపాలిటీ కాలవ మీద మనం చెక్క వేస్తే అది ఆక్రమణ అవుతుంది. ఇవాళ నేను చెక్క వేస్తాను, రేపు మీరు మెట్టు కడతారు. ఒక పద్ధతుండాలి," అన్నాడు విశ్వపతి.

జోగారావు అప్పటికే మెట్టు కట్టుకుని ఉన్నాడు గనక లోపలికి వెళ్ళిపోయాడు.

ఇలాగే ఇంకో మూడు నెలలు గడిచిపోయేవి గానీ, సామర్లకోట నుంచి సుభద్ర ఫోను చేసింది. జూన్ పదహారున వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. పిలవాల్సినట్టే పిలిచి, చివర్లో అడిగింది, "ఏమే మాణిక్యం, మీ కారు ఇంకా పెరట్లోనే కట్టేసి ఉందా? పాలేమన్నా ఇస్తోందా?"

మాణిక్యాంబ ఫోను పెట్టేసి, మజ్జిగ తాగుతున్న మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పదహారో తారీకు నేను కారులోంచి దిగాలి. ఆటోలోంచి కాదు. బస్సులోంచి అసలే కాదు. కారులోంచి దిగకపోతే నేను వెళ్ళను. వెళ్ళకపోతే మీతో మాట్లాడను."

"మాట్లాడకపోతే ఎలా, మాణిక్యం?"

"అది మీరు చూసుకోండి."

మర్నాడే విశ్వపతి ఆఫీసుకి సెలవు పెట్టి, నాలుగు పేజీల అర్జీ రాసుకుని, దాని మీద సంఘం స్టాంపు మూడుచోట్ల గుద్ది, మునిసిపాలిటీకి వెళ్ళాడు. అక్కడ ఉప కమిషనరు చిట్టిబాబు గారు ఆ అర్జీ పైపేజీ చూసి, ఆనందంగా పక్కన పెట్టారు.

"తమ కాలనీ పౌరసేవల నిమిత్తం మా పరిధిలో లేదండి," అన్నారు.

"మరి ఇంటి పన్ను మీరే తీసుకుంటున్నారు కదండీ?"

"పన్ను విషయం వేరు, పరిధి విషయం వేరు. సదరు రెండింటినీ కలపరాదు. తమరు ప్రస్తుతం సెయింట్ ఆల్బన్స్ పారిష్ కిందికి వస్తారు."

పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి భాగం. కంపెనీ దొరలు తమ దేశంలో లాగే ఇక్కడ కూడా చర్చి పరిధినే పంచాయతీగా పెట్టుకుని, రోడ్లూ కాలవలూ పేదసాదలూ వీధికుక్కలూ అన్నీ చర్చి సభకి అప్పజెప్పారట. అప్పట్లో కోటరేవులో ఉన్న దొరలు పదకొండు మంది. వాళ్ళు పోయారు, సమాధులు కూడా సగం పోయాయి. వాళ్ళ చట్టం మాత్రం మొన్న వేసవిలో రికార్డు రూములో బీరువా జరుపుతుంటే వెనక నుంచి బయటపడింది. కమిషనరు గారు అంతకు ముందు వారమే వారసత్వ సంపద మీద శిక్షణకి వెళ్ళొచ్చి ఉన్నారు. రెండూ కలిశాయి.

"ఈ చట్టాన్ని ఎవరూ రద్దు చేసిన దాఖలా లేదని న్యాయసలహా వచ్చిందండి. కావున అమల్లో ఉన్నట్టే భావించి, 'వారసత్వ పాలన' పథకం కింద పట్నంలో మొట్టమొదటగా తమ కాలనీని ఎంపిక చేయడమైనది. తమరు గర్వపడాలి," అన్నారు చిట్టిబాబు గారు.

"పుస్తకం చూడొచ్చాండీ?"

చూపించారు. అందులో సగం లేదు.

"చెదలు తినగా మిగిలినవి ముప్పై ఏడు సెక్షన్లు. అవన్నీ వర్తిస్తాయి."

"తినేసినవో?"

"అవి చెదల ద్వారా రద్దయినట్టు పరిగణించడమైనది."

వేరే మనిషైతే అక్కడే పోట్లాడేవాడు. విశ్వపతికి మాత్రం ఆ వాక్యం విన్నాక చిట్టిబాబు గారి మీద కొంచెం గౌరవం కలిగింది. అర్జీ తీసుకుని చర్చికి బయల్దేరాడు.

సెయింట్ ఆల్బన్స్ చర్చి కాలనీ చివర, గొల్లపేటకి ముందు ఉంది. పాస్టరు రెవరెండ్ పరంజ్యోతి గారు నిచ్చెన మీద నిలబడి, పెంకుల మధ్య కారుతున్న చోట తారు పూస్తున్నారు. కింద నిచ్చెన పట్టుకుని రూతమ్మ గారు నిలబడి ఉంది. డెబ్భై అయిదు దాటినావిడ, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. కోటరేవులో సగం మందికి మొదటి ఇంజక్షను ఆవిడ చేతి మీదుగానే పడింది.

"కాలవ పలక గురించే కదండీ?" అన్నారు పాస్టరు గారు పై నుంచే. "లోపల బల్ల మీద పెట్టండి. నాలుగొందల పన్నెండు అర్జీలు లారీలో దింపి వెళ్ళారు. కుక్కల్ని పట్టే బండి తాళాలు కూడా ఇచ్చారు. బండి ఇవ్వలేదు."

"మీరు ఒప్పుకున్నారాండీ?"

"నన్నెవరడిగారు బాబూ? మా చర్చి ముందు కాలవే పొంగుతోందని రెండేళ్ళుగా మునిసిపాలిటీ చుట్టూ తిరిగాను. ఇప్పుడు ఆ అర్జీ కూడా నాకే పంపారు, తగు చర్య నిమిత్తం."

"అయితే ఏం చేద్దామంటారు?"

"ఆదివారం ఆరాధన అయ్యాక సభ పెట్టమన్నారు. పెడతాను. మీ కాలనీ వాళ్ళని కూడా రమ్మనండి. సభ నోటీసు చర్చి తలుపుకి అంటిస్తేనే చెల్లుతుందంట. ఏ నోటీసైనా అంతేనంట."

"నాకు తెలిసి ఇంతమంది ఎప్పుడూ రాలేదు, ఈస్టరుకి కూడా," అంది రూతమ్మ గారు ఆదివారం నాడు, గుమ్మంలో నిలబడి.

మామూలుగా ఆ చర్చికి వచ్చేది నలభై ఒక్కమంది. ఆ వేళ కాలనీ మొత్తం కదిలొచ్చింది. పదవులు పంచుతారని జోగారావు చెప్పాడు. ఎనిమిదిన్నర ఆరాధనకి ఏడింటికే వచ్చి, ఫ్యాను కింద బెంచీల మీద జేబురుమాళ్ళు వేసుకున్నారు. ఒకాయన పక్కింటివాళ్ళకి కూడా కలిపి తువ్వాలు పరిచాడు. పుట్టాక ఎప్పుడూ చర్చి మొహం చూడని వాళ్ళు, మొదటి వరస ఎవరిదన్న విషయం మీద సర్వీసు సీనియారిటీలు తీశారు.

రూతమ్మ గారు మూడో బెంచీ దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ విశ్వపతి కూర్చుని ఉన్నాడు.

"అది నా చోటు బాబూ. నలభై ఏళ్ళ బట్టి."

"ఏమన్నా రాసి ఉందాండీ?" అన్నాడు విశ్వపతి, అలవాటు కొద్దీ.

"రాసి లేదు. నీకు మూడో ఏట కోరింత దగ్గొస్తే సూదేసింది నేనే. అది కూడా ఎక్కడా రాసి లేదు."

విశ్వపతి జరిగాడు.

ప్రసంగం అంతసేపూ కాలనీ వాళ్ళు చాలా శ్రద్ధగా విన్నారు, ఎక్కడ పదవుల ప్రస్తావన వస్తుందోనని. చివరికి పాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని చట్టం చదివారు. చట్టం ప్రకారం పారిష్‌కి జీతంలేని పదవులు కొన్ని ఉన్నాయి. పేదల పర్యవేక్షకుడు ఒకరు. రహదారి సర్వేయరు ఒకరు. రోడ్లూ కాలవలూ ఆయనవి. పదవి వద్దనడానికి వీల్లేదు. ఏడాది నిండే వరకూ రాజీనామా లేదు.

"పధ్నాలుగో సెక్షను," అని చదివారాయన. "రహదారి గురించి మొదట ఫిర్యాదు చేసినవాడికే రహదారి మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నట్టు భావించి, వానినే సర్వేయరుగా నియమించవలెను. పారిష్‌కి నేరుగా అందిన మొదటి అర్జీ ఎవరిదంటే, ముక్కామల విశ్వపతి గారిది."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. విశ్వపతి లేచి నిలబడ్డాడు. ఆయనకి ముందు కాలవ గుర్తుకొచ్చింది, తరువాత కారు, తరువాత సుభద్ర. ఇక తన పలక మీద సంతకం పెట్టేది తనే. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక ఫైలు వెంటనే కదలబోతోందని అనుకున్నాడు పాపం.

మర్నాటికి గేటుకి బోర్డు వచ్చింది: 'ముక్కామల విశ్వపతి, రహదారి సర్వేయరు, సెయింట్ ఆల్బన్స్ పారిష్'. గుండ్రటి స్టాంపు ఒకటి, నలుచదరం స్టాంపు ఒకటి చేయించాడు. బోర్డు పెట్టడానికి వచ్చినవాడు కాలవ గెంతబోయి అందులో పడ్డాడు. అది తన పదవీకాలంలో జరిగిన మొదటి ప్రమాదంగా విశ్వపతి రిజిస్టర్లో రాసుకున్నాడు.

జోగారావు పేదల పర్యవేక్షకుడయ్యాడు. ఆయన మొదట పేదల జాబితా తయారు చేశాడు. కాలనీలో అరవై మూడు ఇళ్ళకి నలభై ఎనిమిది ఇళ్ళలో తెల్ల రేషను కార్డు ఉందని తేలింది. ఆ నలభై ఎనిమిదిలో పందొమ్మిది ఇళ్ళు డాబా మీద డాబా. సెక్షను ముప్పై ప్రకారం పారిష్‌లో ప్రతి పేదవాడూ కుడి భుజం మీద ఎర్రగుడ్డ బిళ్ళ కుట్టించుకుని వీధిలోకి రావాలి. జోగారావు బిళ్ళలు కుట్టించాడు. అవి పంచడానికి వెళ్ళేసరికి కాలనీలో ఒక్క తెల్ల కార్డు కూడా లేదు. అందరూ ఎప్పుడో తిరిగి ఇచ్చేశామన్నారు. కోటరేవు చరిత్రలో పేదరికం ఒక్క పూటలో పోయిన కాలనీ ఇదొక్కటే. దీని మీద కమిషనరు గారికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

రోడ్డు పనికి చట్టంలో మంచి ఏర్పాటే ఉంది. ఏడాదికి ఆరు రోజులు ప్రతి ఇంటి యజమానీ స్వయంగా పార పట్టాలి. పనివాణ్ణి పంపడానికి వీల్లేదు. విశ్వపతి నోటీసులు రాసి చర్చి తలుపుకి అంటించాడు. వారం తిరక్కుండా అరవై రెండు డాక్టరు సర్టిఫికెట్లు వచ్చాయి. అన్నీ కాలనీలోనే ఉండే డాక్టరు గారు ఇచ్చినవే. అరవై రెండోది ఆయన తనని తాను పరీక్షించుకుని రాసుకున్నది. మిగతావాటిలో ఈ కథ చెబుతున్నవాడిది కూడా ఒకటుంది. మెడ నొప్పి. అది నిజంగానే ఉంది.

పనివాళ్ళు లేకపోయినా ఫైలు ఉంది కదా అనుకున్నాడు విశ్వపతి. మే ఇరవయ్యో తారీకున స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, భోజనాల బల్ల మీద సర్వేయరు ఆఫీసు తెరిచి, మొదటి ఫైలు విప్పాడు. అర్జీదారు ముక్కామల విశ్వపతి. విషయం, గేటు ముందు కాలవ మీద పలక.

'మంజూరు చేయడమైనది' అని రాసి సంతకం పెడితే సరిపోయేది. కలం కాగితం మీద పెట్టాడు కూడా. కానీ చెయ్యి ముందుకి సాగలేదు. కళ్ళు వాటంతట అవే మొదటి పేజీకి వెళ్ళాయి. పేజీలకి నంబర్లు లేవు. ఎన్ని పలకలు కావాలో అంకెల్లో ఉంది, అక్షరాల్లో లేదు. అన్నిటికీ మించి, సెక్షను ఇరవై రెండు ప్రకారం అర్జీదారు ఈ పారిష్‌లో స్థిరనివాసి అన్న ధ్రువపత్రం జతచేయలేదు. ఒక్క ఫైలే కదా, చూసీ చూడనట్టు వదిలేద్దామా అనుకున్నాడు. తన ఫైలు కాబట్టి వదిలితే, రేపు నలుగురూ ఏమంటారు?

నాలుగు రోజుల తరువాత పోస్ట్‌మన్ కాలవ అవతల నిలబడి పిలిచాడు. "రిజిస్టర్డు ఉత్తరం సార్. మీ దగ్గర్నుంచి మీకే. తీసుకున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి. ఈ అట్ట తిరిగి మీకే వస్తుంది, అప్పుడు ఇంకోటి పెట్టాలి."

"ఎక్కడి నుంచండీ?" అంది మాణిక్యాంబ వంటింట్లోంచి.

"సర్వేయరు ఆఫీసు నుంచి. కొర్రీ వేశాడు."

"ఎవరు?"

"సర్వేయరు."

"అంటే మీరే కదా."

"నేనంటే నేను కాదే. ఆ కుర్చీ."

"ఆ కుర్చీ మీద పొద్దున్న నేను అప్పడాలు ఆరబెట్టాను," అంది మాణిక్యాంబ.

అర్జీదారుగా విశ్వపతికి చాలా కోపం వచ్చింది. మూడు నెలలుగా కారు లోపల పెట్టుకుని ఏడుస్తుంటే పేజీ నంబర్లు అడుగుతాడా అని, ఘాటుగా రెండు పేజీల జవాబు రాశాడు. ఇటువంటి అధికారుల వల్లే దేశం ఇలా తగలడిందని, అవసరమైతే పైవాళ్ళ దాకా వెళ్తానని రాశాడు. ఆ జవాబు చేరాక సర్వేయరుగా ఆయన మనసు చివుక్కుమంది. ప్రజాసేవలో ఇలాంటి మాటలు పడాలా అని ఆ పూట సరిగ్గా భోజనం చేయలేదు. అర్జీదారు భాష అభ్యంతరకరంగా ఉన్నట్టు ఫైల్లో ఒక నోటు రాసి పెట్టాడు.

ఇక మిగిలింది ధ్రువపత్రం. దానికోసం జోగారావు దగ్గరికి వెళ్ళాడు. పేదలెవరూ లేకపోయాక జోగారావుకి వేరే పని లేదు, చట్టాన్ని కంఠతా పట్టి ఉన్నాడు.

"స్థిరనివాసం రెండు విధాలుగా వస్తుందండి. ఒకటి, ఈ పారిష్‌లో పుట్టి ఉండాలి. తమరెక్కడ పుట్టారు?"

"అమ్మమ్మ గారి ఊళ్ళో. రెండోది?"

"పారిష్ పదవిలో పూర్తిగా ఏడాది పనిచేసి ఉండాలి. తమరు చేరింది మొన్నే కదా. వచ్చే ఏడాది మే నెలలో రండి, సంతోషంగా ఇస్తాను."

"జోగారావు గారూ, గృహప్రవేశం జూన్ పదహారండీ."

"ఇందులో నా వ్యక్తిగతం ఏమీ లేదండి. ఆ రోజు చెక్క వేసుకోమంటే, ఒక పద్ధతుండాలన్నారు తమరు. అది నాకు బాగా నచ్చింది."

జూన్ పధ్నాలుగున మాణిక్యాంబ చర్చికి వెళ్ళింది. మొగుడితో ఏమీ చెప్పలేదు. పాస్టరు గారు వరండాలో కూర్చుని కుక్కల అర్జీలు చదువుకుంటున్నారు. రూతమ్మ గారు బియ్యం ఏరుతోంది.

"అయ్యగారూ, నాకు ఏ పదవీ వద్దండి. ఒక్క బండ కావాలి," అంది మాణిక్యాంబ.

పాస్టరు గారు రూతమ్మ గారి వైపు చూశారు.

"పెరట్లో దొరల కాలం నాటి రాతి బండ ఉంది కదా, బట్టలుతికేది," అంది రూతమ్మ గారు. "ఎన్నడుగుల కాలవ?"

"మూడున్నరండి."

"ఇది అయిదు. మావాడు ఇమ్మానుయేలు ఇవాళ పనికెళ్ళలేదు, తాపీ పట్టుకు రమ్మంటాను. ఆ మాట మూడు నెలల క్రితం అడగొచ్చు కదమ్మా. రోజూ కారులో కూర్చుని అన్నవరం వెళ్ళొస్తున్నారంట, గొల్లపేట అంతా చెప్పుకుంటన్నారు."

ఇమ్మానుయేలు, ఇంకో నలుగురు, పాస్టరు గారు కూడా ఒక చెయ్యి వేసి, బండని తోపుడుబండి మీద తెచ్చి కాలవ మీద పరిచారు. అటూ ఇటూ సిమెంటు పెట్టారు. మొత్తం ముప్పావు గంట పట్టింది, మధ్యలో కాఫీతో కలిపి. మాణిక్యాంబ ఆ బండ మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. రూతమ్మ గారినీ పాస్టరు గారినీ గృహప్రవేశానికి పిలిచింది, కారులోనే రావాలని గట్టిగా చెప్పింది.

సాయంత్రం విశ్వపతి ఆఫీసు నుంచి వచ్చి, ఎప్పటిలాగే గెంతబోయి, గాల్లో ఉండగా బండ చూశాడు. మూడు సెకన్ల పాటు ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా వెలిగింది. తరువాత ఆయనలో సర్వేయరు లేచాడు.

"ఇది ఎవరి ఉత్తర్వు మీద వేశారు?"

"నా ఉత్తర్వు మీద," అంది మాణిక్యాంబ.

"మంజూరు లేని బండ, మాణిక్యం. పైగా అర్జీ పెండింగులో ఉండగా."

"పెండింగులో పెట్టింది ఎవరు?"

విశ్వపతి లోపలికి వెళ్ళి, నోటీసు రాసి, గుండ్రటి స్టాంపు గుద్ది, చర్చి తలుపుకి అంటించి వచ్చాడు. 'ముక్కామల విశ్వపతి ఇంటి ముందు అనుమతి లేకుండా బండ వేసినట్టు సర్వేయరు వారి దృష్టికి వచ్చింది. దాని మీదుగా వాహనం నడిపినవారిపై, వాహన యజమానిపై చర్య తీసుకొనబడును.' అంటించాక ఒకసారి వెనక్కి జరిగి చదువుకున్నాడు. భాష బాగా కుదిరింది. ఇంటికొచ్చేసరికి మాణిక్యాంబ మాట్లాడటం మానేసి ఉంది.

పదహారో తారీకు పొద్దున్న ఆవిడ పట్టుచీర కట్టుకుని, వెండి పళ్ళెం సంచిలో పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుంది. పక్కన రూతమ్మ గారు. పాస్టరు గారు తెల్ల అంగీలో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కాలనీ అంతా వరండాల్లోకి వచ్చింది. మెడ నొప్పుల వాళ్ళమందరం మెడలు బాగానే తిప్పి చూశాం.

విశ్వపతి కొత్త చొక్కా వేసుకుని, రెండు చేతులూ చాపి బండ మీద నిలబడ్డాడు.

"తప్పుకోండి," అంది మాణిక్యాంబ, అద్దం దించి. రెండు రోజుల తరువాత అదే మొదటి మాట.

"నేను సంతకం పెట్టాను, మాణిక్యం. ముప్పై ఏళ్ళలో నేను సంతకం పెట్టింది నేను వెనక్కి తీసుకోలేదు."

"కారు కొన్నప్పుడూ పెట్టారు."

"ఆటో పిలుస్తాను. నేను కూడా వస్తాను. అక్కకి నేను చెప్తాను."

ఆవిడ ఆయన వైపు కాసేపు చూసింది. కోపంగా చూస్తే ఆయనకి అలవాటే. ఆవిడ అలా చూడలేదు. బస్టాండులో అడ్రసు అడిగిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అయ్యగారూ, మీకు కారు నడపడం వచ్చాండీ?" అంది.

"మిషను జీపు నడిపానమ్మా, పదేళ్ళు. దానికి బ్రేకులు ఉండేవి కావు. ఇది హాయిగా ఉంటుంది," అన్నారు పాస్టరు గారు. ఆయన విశ్వపతి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా అన్నారు. "బాబూ, మీదీ కలిపి నాలుగొందల పదమూడు అర్జీల్లో ఇప్పటికి పూర్తయింది ఇదొక్కటే. దీన్నైనా ఉంచరా?"

"పాస్టరు గారూ, మీరు పెద్దలు. మీరు నడిపితే మీ మీద కూడా రాయాల్సి వస్తుంది."

"రాయండి. నా తలుపుకే కదా అంటిస్తారు. నేనే ముందు చదువుతాను."

ఇంజను స్టార్టయింది. విశ్వపతి జేబులోంచి నోటుబుక్కు తీశాడు. ఉల్లంఘన నమోదు చేయాలంటే వాహనం నంబరు కావాలి. నాలుగు నెలలుగా ఇంట్లో ఉన్న కారు, ఒక్కసారీ రోడ్డెక్కలేదు, నంబరు ఆయనకి నోటికి రాలేదు. ముందు నంబరు ప్లేటుకి మామిడాకుల తోరణం కట్టి ఉంది. వెనక ప్లేటు చూద్దామని ఆయన బండ దిగి, కారు పక్క నుంచి వెనక్కి వెళ్ళాడు.

కారు బండ మీదుగా రోడ్డెక్కింది. బండ కదల్లేదు. విశ్వపతి నంబరు పూర్తిగా రాసుకున్నాడు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ.

సామర్లకోటలో మాణిక్యాంబ కారులోంచి దిగింది. సుభద్ర ఎదురొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మరిదిగారేరే?" అని అడిగిందట. "డ్యూటీలో ఉన్నారు," అందట మాణిక్యాంబ.

ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పాస్టరు గారు కారు తెచ్చి చర్చి పక్కన వేపచెట్టు కింద పెట్టారు. మళ్ళీ బండ మీదుగా ఇంట్లోకి తెస్తే అది రెండో ఉల్లంఘన అవుతుందని విశ్వపతే తేనివ్వలేదు. రోజూ ఆరింటికి ఆయన చర్చి దాకా నడిచి వెళ్ళి, కారు తుడిచి, స్టీరింగు దగ్గర కూర్చుంటాడు. వెనక్కి తిరిగి, "ఈ వేళ ఎక్కడికెళ్దాం?" అంటాడు. తరువాత దిగి వచ్చి, తనకి తానే కాఫీ పెట్టుకుంటాడు. ఆ కాఫీ మేము కూడా ఒకరోజు తాగాం. ఆ విషయం వదిలేద్దాం.

మాణిక్యాంబ ఒక్కసారి ఫోను చేసింది. "నన్ను తీసుకెళ్ళడానికి మీరు వస్తారా, సర్వేయరు గారు వస్తారా?" అని అడిగింది. విశ్వపతి ఆలోచించి చెప్తానన్నాడు. ఆ మాట రాతపూర్వకంగా అడిగితే బాగుండేదని మాకు తరువాత చెప్పాడు.

కారు యజమాని ముక్కామల విశ్వపతికి సర్వేయరు ఇచ్చిన సంజాయిషీ నోటీసు గడువు పదిహేను రోజులు. ఇవాళ పధ్నాలుగో రోజు. యజమానిగా ఆయన దగ్గర మంచి జవాబే ఉంది, నాకు చదివి వినిపించాడు, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ సర్వేయరుగా ఆ జవాబుని తను ఒప్పుకోడని ఆయనకి ముందే తెలుసు. నోటీసు రద్దు చేద్దామంటే ముప్పై ఏళ్ళ సర్వీసు అడ్డం వస్తోంది. రాజీనామా చేద్దామంటే ఇంకా పదిన్నర నెలలు ఉంది. బండ తీయించేద్దామంటే, తీయడానికి ఇమ్మానుయేలు రానన్నాడు, మా అందరికీ సర్టిఫికెట్లు ఉన్నాయి.

అయ్యా, అమ్మా, ఈ కథ చదువుతున్న మీలో ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళుంటారు. పెళ్ళాలతో ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. రెండూ తెలిసిన వాళ్ళెవరైనా, ఈ మనిషి రేపు సాయంత్రంలోగా ఏం చేస్తే మాణిక్యాంబ గారు ఇంటికొస్తుందో దయచేసి చెప్పండి. ఉత్తరం మాత్రం రాయకండి, పేజీ నంబరు లేదని వెనక్కి పంపుతాడు. వచ్చి చర్చి తలుపుకి అంటించండి. పాస్టరు గారు జిగురు సీసా గుమ్మంలోనే పెట్టి ఉంచారు. బండ మీంచి మాత్రం నడవకండి. నడిస్తే ఆయన మీ పేరు రాసుకుంటాడు, పాపం, వేరే పనేమీ లేదు.